పేరంటమా, బేరమా?
(మేల్పాడి ప్రాంతపు తెలుగు కుటుంబాల ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము ముగిసి, పిల్లల పాటలు పూర్తయి, అందరూ భోజనాల వేళకు యెదురుచూస్తున్న సమయంలో గిన్నెలూ మూకుళ్ళూ అమ్మే సంగతి యెత్తుకున్నామేమిటని కొందరికి తోచవచ్చును. భోజనాలకు ముందు వంటపాత్రల మాట అంత అసందర్భము కాదని మనవి.

సంగతి యేమనగా, వేలూరు, కాట్పాడి, గుడియాత్తములలోను, యిటు మేల్పాడి వరకు గల మన యిళ్ళలోను యీమధ్య వొక కొత్త రకపు కూడిక జరుగుతూ వున్నది. వొక యిల్లాలు పదిమంది ఆడవారిని తన యింటికి పిలుస్తుంది. కంపెనీ సరకు అమ్మే మరొక యిల్లాలు కుక్కరో, అంటుకొనని పెనమో, గాలి చొరని డబ్బాలో సంచిలో పెట్టుకొని వస్తుంది. ఆ యింటి పొయ్యిమీదనే వండి చూపుతుంది. వచ్చినవారు రుచి చూస్తారు. కావలసినవారు తమ పేరు వ్రాయించి వెళతారు. అమ్మిన ఆవిడకు కమిషను, పిలిచిన ఆవిడకు వొక బహుమానము. యిదీ దీని స్వరూపము.

మేము రైల్వేలో గుమాస్తాగా వున్నవారము. మా చదువు మెట్రిక్యులేషనుతో సరి. వంటలో మా ప్రవేశము కాఫీ వరకే. అయినను మా యింట్లో ఆవిడ నాలుగేండ్లుగా యీ పని చేస్తున్నందున, సంచీ మోయడమూ లెక్క వ్రాయడమూ మా వంతు అయినవి. వరండాలో కూర్చుని చాలా కూడికలు విన్నాము. కొన్ని పెళ్ళివారిల్లు వలె కళకళలాడినవి. కొన్నింటిలో గోడ గడియారము చప్పుడు తప్ప మరేమీ వినబడలేదు. సరకు అదే, ధర అదే, చేయి తిరిగిన మనిషీ అదే. మరి తేడా యెక్కడ వచ్చినదో చెప్పడమే నేటి మా ప్రయత్నము.

వండి చూపి వొప్పించడమన్నది నేటి మాట కాదు. నేడు మన యింట యీల వేసే కుక్కరుకు మూలపురుషుడు డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచివాడు. 1679లో గట్టి మూతతో ఆవిరిని బంధించి వండే పాత్రను ఆయన తయారుచేశాడు. ఆవిరి యెక్కువైతే పాత్ర పగలకుండా భద్రతా కవాటమును కూర్చినవాడూ ఆయనే. 1682 యేప్రిలులో లండను రాయల్ సొసైటీ పండితులకు ఆ పాత్రలో వండిన వంటలతోనే విందు జరిగినది. గట్టి యెముకలు కూడా జున్నువలె మెత్తబడినవని ఆ విందు తిన్న జాన్ ఎవెలిన్ తన దినచర్యలో వ్రాసుకున్నాడు. పండితులకైనను సిద్ధాంతము కన్న విస్తరి ముందు త్వరగా నమ్మకము కుదిరినదన్నమాట.

తరువాత అమెరికాలో అల్యూమినియము పాత్రలు అమ్మేవారు యింటింటా వంట చేసి చూపేవారు. ప్లాస్టిక్ డబ్బాల టప్పర్ కథ మీకు తెలిసేవుంటుంది. ఆ డబ్బాలు దుకాణాలలో సరిగా అమ్ముడుపోలేదు. మూత యెట్లా బిగించాలో చూపేవారు లేకపోవడమే అందుకు ముఖ్య కారణము. బ్రౌనీ వైజ్ అనే ఆవిడ వాటిని యిళ్ళలో కూడికలు పెట్టి అమ్మి చూపినది. 1951లో ఆ కంపెనీ ఆవిడకు అధికారమిచ్చి, సరకును దుకాణాల నుండి తీసివేసి, యిళ్ళలో మాత్రమే అమ్మసాగినది. డబ్బా నిండా ద్రవము పోసి, మూత బిగించి, ఆవిడ విసిరివేసేదట! చుక్క వొలికేది కాదు. యిన్ని చేసిన ఆవిడను 1958లో కంపెనీవారు పంపివేశారు. 1996లో ఆ డబ్బాలు మన దేశానికి వచ్చినవి. 2024 సెప్టెంబరులో ఆ కంపెనీ అమెరికాలో దివాలా రక్షణ కోరినది. వొక పద్ధతి యెంత గొప్పదైనా, దానినే నమ్ముకొని కూర్చుంటే కాలము ఆగదని దీనివల్ల తెలుస్తున్నది.

అయితే యిళ్ళలో ఆడవారు కూడుకోవడం మనకు అమెరికావారు నేర్పినది కాదు. మనకు పేరంటము వున్నది. పేరంటానికి పిలిచినప్పుడు యేమీ తీసుకురమ్మనరు; పసుపు కుంకుమ, తాంబూలము యిచ్చి పంపుతారు. అదే విధముగా పాత బట్టలకు స్టీలు సామాను యిచ్చే మనిషి వీధిలోకి వస్తే బేరమాడడమూ మనకు తెలుసును. ఆ మనిషి గిన్నెను వ్రేలితో మోగించి చూపితే, మన ముసలమ్మలు తామూ మోగించి చూచేవారు. కుదిరితే బేరము, లేకుంటే లేదు. యెవరికీ బాధ లేదు.

యీ కొత్త కూడికలో చిక్కంతా యెక్కడ వున్నదంటే, పేరంటమూ బేరమూ వొకే గదిలో చేరినవి. పిలిచినది పక్కింటి వదిన. పెట్టినది టిఫిను. అడిగేది డబ్బు. కాదనడానికి నోరు రాదు. దీనినే మొగమాటము అంటారు. పేరంటములో మొగమాటము అందము. బేరములో మొగమాటము అప్పు.

మాకు తెలిసిన వొక యింట యిట్లా జరిగినది. అమ్మవచ్చిన మనిషి, వచ్చిన పన్నెండుమందినీ వరుసగా పేరు పెట్టి, "మీకేమి వ్రాయమంటారు?" అని అందరి యెదుటా అడుగుతూ పోయినది. చివర కూర్చున్న యిల్లాలు, ముందు పదకొండుమంది వ్రాయించినారు గనుక తానూ మూకుళ్ళ జత వ్రాయించినది. ఆ డబ్బు పిల్లవాడి స్కూలు జీతానికి దాచినదని తరువాత తెలిసినది. ఆమె ఆ మూకుళ్ళను అటకమీద పెట్టినది. మూడు నెలలు సాయంకాలపు భజనకు రాలేదు. ఆ అమ్మకములో కమిషను యెంతో చీటీలో వున్నది. పోయిన మనిషిని యే పద్దులో వ్రాయవలెను? సొంతవూళ్ళలోనైతే యింకో వీధి వున్నది, యింకో బంధుత్వము వున్నది. యిక్కడ మనవి నాలుగైదు తెలుగు యిళ్ళు. వొక తలుపు మూసుకుంటే మనకు లోటే.

కాబట్టి వేడుక పెరగాలంటే మొదట మొగమాటము తగ్గవలెను. దానికి మాకు తోచిన పద్ధతులు కొన్ని మనవి చేస్తున్నాము.

మొదటిది పిలుపు. "వూరికే టిఫినుకు రండి" అని పిలిచి, వచ్చిన తరువాత సంచీ విప్పరాదు. "ఆదివారము మూడు గంటలకు మా యింట వంట చూపుతారు. సరకు కూడా అమ్ముతారు. కొనకపోయినా రావచ్చును" అని ముందే చెప్పవలెను. యెనిమిది పదిమందికి మించరాదు. పొయ్యి చుట్టూ నిలబడి చూడగలిగినంతమందే మేలు. వేళకు మొదలుపెట్టి గంటన్నరలో ముగించవలెను. ప్యాసింజరు బండి ఆలస్యమైతే వోర్చుకుంటారు గాని, యింట్లో పిల్లలు ఆకలితో వుండగా వంట కూడిక ఆలస్యమైతే యే తల్లీ వోర్చుకోదు.

రెండవది వంట. ఆ సరకు పుస్తకములోని పేరు తిరగని వంట వద్దు. అందరికీ తెలిసిన వంటే చేయవలెను. అప్పుడే పాత్రలోని గుణము తెలుస్తుంది. అంతకన్న ముఖ్యము, అమ్మవచ్చిన మనిషి చేతులు కట్టుకొని, వచ్చినవారి చేత వండించవలెను. మన వేలూరి వైపు ముళ్ళ వంకాయ వున్నది కదా. ఇలవంబాడిలో పండే ఆ వంకాయకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చినది. తొడిమ ముళ్ళు గుచ్చుకోకుండా పట్టుకునే వొడుపు పక్కింటి తమిళ యిల్లాలికి తెలుసును, ఆవిడనూ పిలవండి. వంకాయలు అందరికీ పంచి, యెవరింటి కారము వారిని కూరమనండి. గుంటూరు వారు మిరపకారము దట్టిస్తారు, చిత్తూరు వారు వేరుశెనగపప్పు వేస్తారు, తెలంగాణా వారు నువ్వులు కలుపుతారు. గుర్తుకు తొడిమలకు రంగు దారాలు కట్టి, వొకే పెనములో మగ్గించి, యేది యెవరిదో రుచి చూచి చెప్పమనండి. ఆ గదిలో యిక గడియారము చప్పుడు వినబడదు. తమిళ యిల్లాలు వేరుశెనగ వంకాయను యేరి పట్టుకుంటే వచ్చే నవ్వుకు యే కంపెనీ ప్రకటనా సాటి రాదు.

మూడవది పరీక్ష. పాత్ర గొప్పను నోటితో చెప్పరాదు, వచ్చినవారినే పరీక్షించనివ్వవలెను. వొకే కొలత కందిపప్పు కుక్కరులోను, మామూలు గిన్నెలోను పెట్టి, యేది యెన్ని నిమిషాలకు వుడుకునో చీటీలమీద వ్రాయమనండి. దగ్గరగా చెప్పినవారికి వొక కొబ్బరికాయ. మూత లేని గిన్నెలో నీరు 100 డిగ్రీలకు మించి వేడెక్కదు. కుక్కరులో బరువు కింద ఆవిరి బిగిసి సుమారు 120 డిగ్రీల వరకు పోతుంది, అందుకే త్వరగా వుడుకుతుంది. యీ రెండు ముక్కలూ పప్పు వుడికేలోగా చెబితే పిల్లలు కూడా వింటారు. పెనము విషయములో, రోజూ వాడే నూనె యెంతో వొక గ్లాసులో పోయమని, యిక్కడ పట్టినది యెంతో పక్కన పెట్టి చూపవలెను. ఆ తరువాత పెనమును వారి చేతనే కడిగించవలెను. మన ఆడవారికి వంట కన్న అంట్లే అసలు పరీక్ష.

నాలుగవది సత్యము. సరకులోని లోపము అడగకముందే చెప్పవలెను. అంటుకొనని పెనముమీద యినుప గరిటె వాడితే పూత గీరుకుపోతుంది. వట్టి పెనమును పెద్ద మంటమీద వుంచరాదు. కుక్కరును మూడింట రెండు వంతులకు మించి నింపరాదు; పప్పు అయితే సగమే. ఆవిరి గొట్టము శుభ్రముగా వున్నదో లేదో చూచి మరీ మూత పెట్టవలెను. ఆవిరి పూర్తిగా దిగక ముందు మూతకు చేయి వేయరాదు. కుక్కరుమీద ఐ.ఎస్.ఐ. గుర్తు యెక్కడ వుంటుందో అందరికీ చూపవలెను. 2020 నాటి ప్రభుత్వపు వుత్తరువు ప్రకారము ఆ గుర్తు తప్పనిసరి. తమ యింట వున్న పాత కుక్కరు రబ్బరు మార్చితే చాలునని వొక ముసలమ్మతో మా యింట్లో ఆవిడ చెప్పినది. ఆనాడు అమ్మకము పోయినది. ఆ ముసలమ్మ తరువాత తన కోడళ్ళను యిద్దరినీ పంపినది.

ఐదవది ధర. అందరి యెదుటా పేరు పెట్టి అడగడము మానవలెను. ధరలు కాగితముమీద వ్రాసి అందరికీ యిచ్చి, "యింటికి వెళ్ళి ఆలోచించుకొని రేపో యెల్లుండో చెప్పండి" అనవలెను. నెలాఖరున కూడిక పెట్టరాదు. జీతాల వారి సంగతి మాకు తెలుసును. పిలిచిన యిల్లాలికి వచ్చే బహుమానము యేమిటో దాచక చెబితే యెవరికీ అనుమానము వుండదు. కొననివారికీ కొన్నవారికీ వొకే తాంబూలము. యిది మాత్రము మరువరాదు.

యిక చట్టము సంగతి. 2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము నేరుగా అమ్మేవారికి నిబంధనలు చేసినది. గుర్తింపు కార్డు లేకుండా, ముందు అనుమతి లేకుండా యింటికి పోరాదు. తామెవరో, యే కంపెనీ తరఫున వచ్చారో, యెందుకు వచ్చారో మొదటనే చెప్పవలెను. ధర, చెల్లింపు, సరకు వాపసు, గ్యారంటీ సంగతులు సరిగా తెలుపవలెను. చేరడానికి రుసుము వసూలు చేయరాదు. మనుషులను చేర్చితే డబ్బు వచ్చే గొలుసు పథకాలు ఆ నిబంధనల కింద నిషేధము. డబ్బు చలామణీ పథకాలనైతే 1978 నాటి చట్టమే నిషేధించినది. కాబట్టి అక్కయ్యలారా, "పాత్ర అమ్మనక్కరలేదు, నలుగురిని చేర్చితే చాలు" అని యెవరైనా అంటే, వారికి కాఫీ యిచ్చి పంపివేయండి.

యీ పనిని మేము చులకన చేయడము లేదు. వుద్యోగమునకు పోవడానికి వీలులేని యిల్లాలు, పిల్లలు బడికి పోయిన వేళలో నాలుగు డబ్బులు సంపాదించుకుంటే, ఆ డబ్బుకు యింట్లో ఆమె మాట నిలబడుతుంది. మా యింట మేము చూచినాము. అందుచేతనే యీ పని పదికాలాలు నిలవాలని మా కోరిక. మొగమాటముతో అమ్మినది వొక్కసారి అమ్ముడుపోతుంది. నవ్వుతూ, చేయి పెట్టి వండి, ఆలోచించుకొని కొన్నవారు మళ్ళీ పిలుస్తారు. పిలవకపోయినా, వీధిలో కనబడితే ముఖము తిప్పుకోరు.

చిత్తూరు వైపు నీవా అని పిలిచే యేరే మన మేల్పాడి పక్కన పొన్నై అనే పేరుతో పారుతున్నది. పేరు మారినా నీరు వొకటే. మన పేరంటము కూడా కొత్త పేరుతో, కొత్త పాత్రలతో వచ్చినను, అందులోని ఆదరము మారకుండా చూచుకొందాము. యీ నూతన సంవత్సరము మీ యింటిల్లిపాదికీ ఆరోగ్యమును, రుచియైన భోజనమును, తలుపు తట్టే యిరుగుపొరుగును ప్రసాదించుగాక అని కోరుతున్నాము.