పీజీ సీటు, నర్సు జీతం



చెన్నైలోని పెరంబూరు రైలు పెట్టెలు తయారయ్యే చోటు. ఇక్కడి రైల్వే ఆసుపత్రిలోనే 1975లో డాక్టర్ కె.ఎం.చెరియన్ దేశంలో తొలి కరోనరీ బైపాస్ ఆపరేషన్ చేశారు. అంతకు రెండేళ్ల ముందే ఆయన ఆస్ట్రేలియాలో సర్జన్ల ఫెలోషిప్ అయిన ఎఫ్‌ఆర్‌ఏసీఎస్ సాధించారు. అంతటి సర్జన్‌కు విదేశాల్లో అవకాశాలకు కొదవేముంది? చదివిన చదువుకు తగ్గ పని, ఆ పనికి కావలసిన థియేటరు, మనుషులు ఉంటే డాక్టర్లు సర్కారీ ఆసుపత్రికైనా వస్తారు.

డాక్టర్లు పల్లెలకు పోరన్న నింద పాతది. తమిళనాడు నిందతో సరిపెట్టుకోలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో (పీహెచ్‌సీల్లో) పనిచేసిన ప్రభుత్వ డాక్టర్లకు పీజీ సీట్లలో వాటా ఇచ్చింది. పీహెచ్‌సీలో చేరిన కుర్ర డాక్టరుకు కొన్నేళ్ల తర్వాత స్పెషలిస్టు అయ్యే దారి కనిపించింది. చదువయ్యాక బాండు ప్రకారం మళ్లీ ప్రభుత్వ ఆసుపత్రికే వస్తారు. ప్రభుత్వ ఆసుపత్రులకు గైనకాలజిస్టులు, మత్తు డాక్టర్లు దొరికిన దారుల్లో ఇదొకటి. ఈ కోటా మీద కోర్టుల్లో పెద్ద పోరాటమే నడిచింది. ఇలాంటి కోటా ఇచ్చే అధికారం రాష్ట్రాలకు ఉందని 2020 ఆగస్టు 31న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

నర్సుల విషయంలో అదే రాష్ట్రం అంత ముందుచూపు చూపలేదు. 2015లో పరీక్ష పెట్టి వేలమందిని కాంట్రాక్టు మీద తీసుకుంది. మొదట ఇచ్చిన జీతం నెలకు 7,700 రూపాయలు. పర్మినెంట్ చేయండంటూ వాళ్లు 2017 నవంబరులో చెన్నై తేనాంపేటలోని వైద్య సేవల డైరెక్టరేట్ (డీఎంఎస్) ప్రాంగణంలో బైఠాయించారు. రాత్రి రెండింటికి పురుడు కేసు వస్తే పీహెచ్‌సీలో ఉండేది నర్సే. రక్తస్రావం ఆగకపోతే సెలైన్ ఎక్కించేదీ, 108కి ఫోన్ చేసేదీ, బిడ్డను ఒళ్లో పట్టుకునేదీ ఆమే. ఆ మనిషికి అంత తక్కువ జీతమివ్వడం అన్యాయం. ఆమె గల్ఫ్‌కు వెళ్లిపోతే తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

నర్సుల వలసకు జీతంతో జవాబిచ్చిన దేశమూ ఉంది. ఆఫ్రికాలోని మలావీ పేద దేశం. నర్సులు బ్రిటన్‌కు తరలిపోతుంటే, 2004లో మొదలుపెట్టిన పథకం కింద ఆరోగ్య సిబ్బందికి జీతం మీద 52 శాతం అదనంగా ఇచ్చింది. సిబ్బంది కొరత ఉన్న దేశాల నుంచి నర్సులను, డాక్టర్లను పనిగట్టుకుని తీసుకుపోవద్దనే నియమావళిని 2010లో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించింది. అయితే అది స్వచ్ఛందం, పాటించకపోతే శిక్ష లేదు. ఇంటి దగ్గర జీతం, క్వార్టర్సు, పైచదువు ఏర్పాటు చేయాల్సింది సొంత ప్రభుత్వాలే.

ఈరోజు పట్టాలు అందుకుంటున్న డాక్టర్లలో రేపు మెడికల్ ఆఫీసర్లుగా చేరేవాళ్లకు ఒక విన్నపం. పీజీ కోటా కోసం సంఘం పెట్టి అడిగినంత గట్టిగా, పక్క గదిలో నైట్ డ్యూటీ చేస్తున్న నర్సు పర్మినెంట్ ఉద్యోగం కోసం కూడా అడగండి.