వావిళ్లవారి ముద్రాక్షరశాల
(వార్షిక మహాసభయందుఁ జేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు వర్తకమును గూర్చి నాలుగు మాటలు చెప్పుఁడని కార్యనిర్వాహకులు మమ్ము నాజ్ఞాపించిరి. లాభనష్టముల లెక్కలు మాకంటెఁ దమకే బాగుగఁ దెలియును. కావున మేము లెక్కలను విడిచి, యొక ముద్రాక్షరశాల కథను మనవి చేసికొందుము. అది చెన్నపురి వావిళ్ల రామస్వామిశాస్త్రులు అండ్ సన్స్ వారిది. మాలో ననేకులము వారి ప్రతులలోనే పద్యము చదువ నేర్చితిమి. ఆ ఋణమును గొంత తీర్చుకొనుటయు మా యుద్దేశము.

పూర్వ మీదేశమున ముద్రణముపైఁ బ్రభుత్వనిర్బంధము లుండెను. 1835లో మెట్కాఫుదొర వానిని దొలఁగించెను. అటుపిమ్మట దేశీయులు సొంతముగా అచ్చుకూటములు పెట్టఁజొచ్చిరి. బ్రౌనుదొర తెలుఁగు నిఘంటువు 1852లో వెలువడెను. చెన్నపురి విశ్వవిద్యాలయము 1857లో వెలసెను. ఈ రెంటి నడుమ 1854లో రామస్వామిశాస్త్రులుగారు తమ ముద్రాక్షరశాలను స్థాపించిరి. గ్రంథములు తాటాకులలో నున్నవి. చదువఁగోరువారు నానాఁటికిఁ బెరుగుచున్నారు. ఈ యవసరమును ముందుగా గుర్తించుటయే వారి వర్తకమునకుఁ బునాది.

నాఁడు తెలుఁగు అచ్చుపని యెంత కష్టమై యుండెనో యొకింత విన్నవింతుము. ఆంగ్లమునకుఁ గొలఁది యక్షరములు చాలెడివి. మనకో, అచ్చులు, హల్లులు, గుణింతములు, వత్తులు కలిసి వందలకొలఁది దిమ్మలు కావలసియుండెను. కంపాజిటరు ఒక్కొక్క దానిని అరనుండి యేరి, పంక్తిగాఁ గూర్చి, ప్రూఫు తీసెడివాఁడు. పండితుఁడు తప్పులు దిద్దెడివాఁడు. ఫారము అచ్చైన పిదప నా యక్షరములను విప్పి, మరల నెక్కడి వక్కడ వేయవలసియుండెను. పరులకు శుభలేఖలో, కరపత్రములో అచ్చువేసి యిచ్చినచో రొక్కము వెంటనే చేతికి వచ్చును. గ్రంథమును దామే ప్రకటించినచోఁ గాగితపు వెల, కూలి, పండితుని సంభావన ముందే యీయవలయును. ప్రతులు అమ్ముడుపోవువఱకు సొమ్మంతయు బీరువాలలో నిద్రించును. వావిళ్లవా రీ రెండవ మార్గమునే ప్రధానముగాఁ బట్టిరి. పురాణములు, ప్రబంధములు, తెలుఁగులిపిలో సంస్కృతకావ్యములు సవ్యాఖ్యానముగాఁ బ్రకటించిరి.

1891లో రామస్వామిశాస్త్రులుగారు గతించిరి. 1884లో జన్మించిన కుమారుఁడు వేంకటేశ్వరశాస్త్రులుగా రప్పటికి బాలురు. తండ్రితోడనే మూతపడిన దుకాణములు మన మెన్ని చూడలేదు! ఈ బాలుఁడు పెద్దవాఁడై పని చేపట్టి, తండ్రిపేరే సంస్థకు నిలిపి, దాని నింకను విస్తరింపఁజేసెను.

ఆయన ధైర్యమునకుఁ బరీక్ష 1910లో వచ్చెను. పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరి యాస్థానమందలి ముద్దుపళని యను కవయిత్రి రాధికాసాంత్వన మను శృంగారకావ్యమును రచించెను. 1887 నాఁటి ముద్రణమునఁ గొన్ని పద్యములు విడువఁబడెను. బెంగుళూరు నాగరత్నమ్మగారు దాని వ్రాఁతప్రతిని సంపాదించి, లోపములఁ బూరించి పరిష్కరింపఁగా వావిళ్లవా రచ్చువేసిరి. స్త్రీ రచించినది, స్త్రీ పరిష్కరించినది, ఇరువురును దేవదాసీకులమువారు. పురుషకవులు వ్రాసినచో శృంగారము, స్త్రీ వ్రాసినచో నశ్లీలమా యని నాగరత్నమ్మగారు నిలదీసిరి. 1911లోఁ బ్రభుత్వమువారు గ్రంథమును నిషేధించిరి. శాస్త్రులుగారు పండితులఁ గూర్చుకొని విన్నపములు పంపిరి గాని ఫలింపలేదు.

మహాశయులారా! ఒక్క గ్రంథము పోయిన నేమి, తక్కిన వ్యాపారము చక్కఁబెట్టుకొందమని యెవ్వరైన ననవచ్చును. అది నిందింపఁదగిన మాటయుఁ గాదు. ప్రభుత్వముతో వైరము వర్తకునకు మేలు చేయదు. అయినను శాస్త్రులుగా రా కావ్యమును మఱవలేదు. ప్రకాశము పంతులుగారు చెన్నరాజధాని ప్రధానమంత్రిగా నున్న దినములలో, 1947లో, నిషేధము తొలఁగెను. నడుమ గడచినవి ముప్పదియాఱు సంవత్సరములు. 1952లో గ్రంథము మరల వెలువడెను. ఆ యేఁడే నాగరత్నమ్మగారును, 1956లో శాస్త్రులుగారును దివంగతులైరి.

ఈ కథలో మన సంఘమునకుఁ గల పాఠము రెండు విధములు. సరకు మంచిదైన నాలస్యముగా వచ్చు లాభముకొఱకు వేచియుండు నోర్పు మొదటిది. ఆ యోర్పు ధనముచేతనే నిలుచును గాన నది పోషకులయెడ మా విన్నపము. కులము, లింగము చూడక యోగ్యత నాదరించు గుణము రెండవది. అది మనయందఱి కర్తవ్యము. నాగరత్నమ్మగారి ప్రతిని వావిళ్లవారు ద్వారముకడనే త్రోసివేసియుండినచో, పూర్ణమైన యా కావ్య మెవ్వరిచేతికి వచ్చియుండెడిది?

తమ యిండ్ల యటుకలపై నెన్ని తాళపత్రము లున్నవో, ఎన్ని పాతపుస్తకములు చెదలు తినుచున్నవో యొకపరి చూడుఁడు. ఈ సంచికను బదిలపఱచు బీరువాలో వానికిని జోటీయుఁడు.