రెండు జెండాల నడుమ రాయబార గృహము

(పఠనమందిర సభలో చేసిన యుపన్యాసము)



రాయబార మనగానే తెలుగువానికి ఉద్యోగపర్వము స్ఫురించును. సంజయుడు వచ్చును, శ్రీకృష్ణుడు హస్తినకు పోవును. అచ్చట పంపినవా డెవడో, వినువా డెవడో సందేహము లేదు. అయితే దూత పరరాజు సభలో నుండగనే, పంపిన ప్రభువు సింహాసనభ్రష్టుడై, మరియొకడు గద్దె నెక్కి, ఆ దూత తనవాడు కాడని వార్త పంపినచో నేమగును? దూత ఎవని నోటితో మాటలాడవలెను? సభలోని రాజు దాని నెవని మాటగా వినవలెను? ఈ ప్రశ్న మన కాలమున, మన దేశ రాజధానిలోనే పుట్టినది. దాని కొన హైదరాబాదు నగరమును గూడ తాకినది. నేటి మా ప్రసంగ విషయ మిదియే.

మొదట రెండు మాటలను వేరుపరచుకొందము. రాజ్యము వేరు, ప్రభుత్వము వేరు. రాజ్యమనగా భూమి, ప్రజలు, వారి ఋణములు, వారి యొడంబడికలు. ప్రభుత్వమనగా ఆ రాజ్యము పేర చేవ్రాలు చేయు చేయి. చేయి మారును, పేరు మారదు. మన గ్రామములలో కరణీకము లుండిన దినములలో (అవి 1984లో రద్దైనవి) ఆ పదవికై దాయాదులు వ్యాజ్యమాడుట పెద్దలు ఎరిగినదే. వ్యాజ్యము ఏండ్లతరబడి సాగెడిది. కాని గ్రామ దస్త్రము ఆ యిద్దరిలో నెవ్వని సొత్తును కాదు, అది గ్రామముది. వ్యాజ్యము తేలువరకు రైతునకు అడంగలు నకలు ఇచ్చువాడు లేకున్నచో, నష్టపోవువాడు వాదియు కాడు, ప్రతివాదియు కాడు, రైతు. రాయబార గృహము పరదేశమందున్న అట్టి దస్త్రపు గది.

మరి ఏ ప్రభుత్వము నిజమైనదో తేల్చువా రెవరు? ఆతిథ్య మిచ్చిన రాజ్యమే తేల్చును. 1961లో వియన్నాలో కుదిరిన దౌత్య సంబంధముల ఒడంబడిక ప్రకారము, రాయబారిని పంపుటకు ముందు ఆ రాజ్యము సమ్మతి కావలెను. అక్కరలేని రాయబారిని కారణము చెప్పకయే పొమ్మనవచ్చును. అనుమతి లేక రాయబార గృహమున అడుగుపెట్టరాదు. సంబంధములు తెగిపోయినను గృహమును, ఆస్తిని, దస్త్రములను కాపాడవలెను. ఇంతవరకు స్పష్టమే. కాని ఒకే గృహమును రెండు ప్రభుత్వములు తమదనినపుడు ఏమి చేయవలెనో ఆ యొడంబడిక చెప్పలేదు. న్యాయము మౌనము వహించిన చోట రాజనీతి పలుకును; రాజనీతి తన యవసరమును చూచుకొనును గాని అన్యుల కష్టమును చూడదు.

ఢిల్లీలో జరిగినది చూడుడు. 2021 ఆగస్టు 15వ తేదీన తాలిబానులు కాబూలును కైవసము చేసికొనిరి. అధ్యక్షుడు అష్రఫ్ ఘనీ దేశము విడిచిపోయెను. కాని ఆతని ప్రభుత్వము నియమించిన రాయబారి ఫరీద్ మముంద్‌జయ్ ఢిల్లీలోనే యుండెను. గృహముపై పాత త్రివర్ణ పతాకమే యెగిరెను. జీతములు పంపు ప్రభుత్వము లేదు. ఆజ్ఞలిచ్చు మంత్రి లేడు. 2023లో అచ్చటి వర్తక వ్యవహారముల యుద్యోగి యొకడు, తాలిబానులు తన్నే ముఖ్యాధికారిగా నియమించిరని ముందునకు వచ్చెను. రాయబార గృహము దానిని త్రోసిపుచ్చెను. ఆ సంవత్సరము అక్టోబరు 1 నుండి పనులు నిలిపివేయుచున్నామనియు, నవంబరులో శాశ్వతముగా మూసివేయుచున్నామనియు ప్రకటించిరి. ఆతిథ్య మిచ్చిన ప్రభుత్వపు సహాయము కొరవడినదని వారు చెప్పిన కారణములలో నొకటి. అప్పుడు ఆ తలుపులను మరల తెరచినవారెవరు? ముంబయి, హైదరాబాదు నగరములలోని ఆఫ్ఘను కాన్సలులు. కాబూలు వారి తగవు తీర్పునకు మన హైదరాబాదు నుండి ఒక యుద్యోగి పోవలసి వచ్చెను!

అటుపిమ్మట గాలి మారినది. 2024 నవంబరులో తాలిబాను ప్రభుత్వము ముంబయిలో తన కాన్సలును నియమించెను. 2025 జూలైలో రష్యా ఆ ప్రభుత్వమును గుర్తించెను. అట్లు గుర్తించిన మొదటి రాజ్యమదియే. అదే సంవత్సరము అక్టోబరులో తాలిబాను విదేశాంగ మంత్రి ముత్తకీ ఢిల్లీకి రాగా, కాబూలులోని మన కార్యాలయమును పూర్తి రాయబార కార్యాలయముగా చేయుదుమని మన ప్రభుత్వము ప్రకటించి, ఆ నెలలోనే అట్లు చేసెను. ముత్తకీ ఢిల్లీలోని ఆఫ్ఘను గృహమందే పత్రికా విలేఖరులతో మాటలాడెను. గృహముపై పాత జెండా, బల్లపై కొత్త ప్రభుత్వపు చిన్న తెల్ల జెండా! ఆనాటి సమావేశమునకు స్త్రీ విలేఖరులను రానీయలేదు. దేశమంతట నిరసన చెలరేగినంతట రెండు దినముల పిమ్మట వారిని పిలిచి మరల సమావేశము జరిపిరి. తన గడ్డమీద జరిగిన యవమానమునకు తన ప్రమేయము లేదని చెప్పుకొనవలసిన స్థితి మన ప్రభుత్వమునకు కలిగెను. ఒక గృహము ఎవరిదో తేలకుండ నాలుగేండ్లు వదలివేసినచో ఫలిత మిట్లే యుండును.

ఈ చిక్కు ఢిల్లీకి మాత్రమే కలిగినది కాదు. 2021 ఫిబ్రవరిలో బర్మాలో సైన్యము అధికారమును హరించినది. లండనులోని ఆ దేశపు రాయబారి చ్యో జ్వా మిన్ సైన్యమును విమర్శించెను. ఏప్రిలు 7వ తేదీన ఆతని క్రింది యుద్యోగులే ఆతనిని వెలుపల నుంచి తలుపు మూసిరి. రాయబారి ఆ రాత్రి తన కారులో గడపెను. బ్రిటిషు ప్రభుత్వము మాటలతో గర్హించెను; చేతలలో సైన్యపు నిర్ణయమునే అంగీకరించెను. దీనికి భిన్నముగా, 1940లో ఎస్టోనియా, లాత్వియా, లిథుయేనియాలను సోవియటు రాజ్యము కలుపుకొన్నపుడు, ఆ కలయికను తాము గుర్తింపమని అమెరికా ప్రకటించెను. స్తంభింపజేసిన ఆ దేశముల ధనము నుండి వ్యయమునకు ఏర్పాటు చేసి, వారి దౌత్య కార్యాలయములను 1991లో స్వాతంత్ర్యము మరల వచ్చువరకు, అనగా ఏబది యొక్క సంవత్సరములు, నిలిపి యుంచెను. ఆతిథ్య రాజ్యము తలచుకొన్న నేమి చేయగలదో ఇది చూపును. తలచుకొనకున్న నేమగునో లండను వీధిలోని కారు చూపును.

రాయబారుల కష్టము సరే. వారికి ఆశ్రయ మిచ్చు దేశములు దొరకును. మా మనసును కలచునది వేరు. ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్ళు విరిగినట్లు, ఈ తగవులో నలుగువారు సామాన్యులు. 2024 జూలైలో తాలిబాను ప్రభుత్వము, లండను, బెర్లిను మొదలైన 14 ఆఫ్ఘను కార్యాలయము లిచ్చు పాస్‌పోర్టులు, వీసాలు, ఇతర పత్రములు తమకు చెల్లవని ప్రకటించెను. ఆ సెప్టెంబరులో లండను కార్యాలయము మూతబడెను. అనగా, ఒక కిటికీ యొద్ద పుచ్చుకొన్న కాగితము రెండవ కిటికీ యొద్ద చెల్లదు. పిల్లవాని జనన పత్రము, పెండ్లి పత్రము, చనిపోయిన తండ్రి పత్రము, వీనికి ఏ జెండాతో పని?

మన యూరిలో చదువుకొనుచున్న ఒక ఆఫ్ఘను బాలికను తలచుకొనుడు. ఉన్నత పాఠశాలల తలుపులను 2021 నుండియు, విశ్వవిద్యాలయముల తలుపులను 2022 డిసెంబరు నుండియు తన వంటివారికి మూసిన ప్రభుత్వపు కిటికీ యొద్దకే ఆమె తన పాస్‌పోర్టు గడువు పెంచుకొనుటకు పోవలెను. పోయినచో తన పేరు, తన చిరునామా, తన వారి పేర్లు ఆ దస్త్రములో చేరును. పోకున్నచో ఏ దేశపు కాగితమును లేనిదగును. ఈ రెంటిలో నేది కోరుకొమ్మని చెప్పగలము?

ఇది పరాయివారి గొడవ యనుకొనవలదు. పాలన మారిన వేళ ఒక చేవ్రాలు ఏమి చేయగలదో తెలుగునేల చవిచూచినది. 1948 సెప్టెంబరు 17వ తేదీన నిజాము లొంగుబాటు ప్రకటించెను. 20వ తేదీన లండను వెస్ట్‌మినిస్టరు బ్యాంకులోని హైదరాబాదు ప్రభుత్వపు లెక్క నుండి, దానిపై చేవ్రాలు చేయు అధికారము గల నిజాము ప్రతినిధులు 10,07,940 పౌనుల 9 షిల్లింగులను అచ్చటి పాకిస్తాను హైకమిషనరు రహీంతులా పేర మార్చిరి. అది తన యాజ్ఞ కాదని నిజాము మొఱపెట్టెను. 1957లో బ్రిటిషు ప్రభువుల సభ, విదేశ రాజ్యముపై వ్యాజ్యము సాగదనెను. సొమ్ము బ్యాంకులోనే చిక్కుకొనెను. 2019 అక్టోబరు 2వ తేదీన గాని లండను హైకోర్టు దానిని నిజాము వారసులకును భారతదేశమునకును అనుకూలముగా తేల్చలేదు. అప్పటికి అది సుమారు 3.5 కోట్ల పౌనులైనది. డెబ్బది యొక్క సంవత్సరములు! మా వృత్తివారికి ఫీజు ముట్టినది. దావా వేసిన నిజాము మాత్రము తీర్పును చూడలేదు.

అయితే కర్తవ్యమేమి? మేము మూడు సూత్రములను మనవి చేయుచున్నాము.

మొదటిది: పాలన మారి, ప్రభుత్వము ఏదో తేలనంతవరకు, రాయబార గృహమును, బ్యాంకులోని సొమ్మును, దస్త్రములను ఆతిథ్య రాజ్యము ధర్మకర్తవలె ఆ దేశ ప్రజల కొరకు కాపాడవలెను. ముఖ్యముగా, పరదేశమున తల దాచుకొన్నవారి పేర్లుగల పట్టికలు వారిని వెదకువారి చేతిలో పడరాదు.

రెండవది: కాన్సలు పనిని దౌత్యము నుండి వేరుచేయవలెను. ఇది మా కల్పన కాదు. దౌత్య సంబంధములు తెగినంత మాత్రమున కాన్సలు సంబంధములు తెగినట్లు కాదని 1963 నాటి వియన్నా ఒడంబడికయే చెప్పుచున్నది. నమీబియాను దక్షిణాఫ్రికా అక్రమముగా పాలించుచుండిన దినములలో, 1971లో అంతర్జాతీయ న్యాయస్థానము ఆ పాలన చెల్లదని చెప్పుచునే, జనన మరణ వివాహముల నమోదులను త్రోసివేసినచో నష్టపోవువారు ప్రజలే గాన, వానిని ఆ నిషేధము నుండి తప్పించెను. అక్రమ ప్రభుత్వపు కాగితమునకే ఆ న్యాయము వర్తించినపుడు, పడిపోయిన సక్రమ ప్రభుత్వపు యుద్యోగి యిచ్చిన కాగితమునకు వర్తింపకుండుట యెట్లు?

మూడవది: ఏ కిటికీ యొద్దకును భయము లేక పోజాలనివారికి ఆతిథ్య రాజ్యమే కాగితము నీయవలెను. దీనికిని దారి యున్నది. 1917లో రష్యా తాత్కాలిక ప్రభుత్వము పారిసుకు పంపిన రాయబారి మక్లకోవు న్యాయవాది. ఆతడు తన యధికార పత్రములను సమర్పింపక మున్నే ఆ ప్రభుత్వము పడిపోయెను. 1924లో ఫ్రాన్సు సోవియటు ప్రభుత్వమును గుర్తించువరకు ఆతడు ఆ గృహమున నుండి, పిమ్మట విడిచిపెట్టి, రష్యను శరణార్థుల పత్రములను చూచు కార్యాలయమున పనిచేసెను. గృహము పోయినను పని పోలేదు! 1922లో నాన్సెను పేర వెలసిన పాస్‌పోర్టును క్రమముగా ఏబదికి పైబడిన ప్రభుత్వములు అంగీకరించినవి. మన దేశము 1951 శరణార్థుల ఒడంబడికలో చేరలేదు. అయినను టిబెట్టు శరణార్థులకు ప్రయాణమునకు పనికివచ్చు గుర్తింపు పత్రము నిచ్చుచునే యున్నది. ఆ పత్రమునే ఆఫ్ఘను విద్యార్థికి, వితంతువునకు ఏల ఈయరాదు?

కాబూలును ఏలువారితో మాటలాడక తప్పదని కొందరందురు. మేమును అట్లే యందుము. సరిహద్దులు, వర్తకము, ఔషధములు, ఆహార సహాయము, వీనికై ఏలువారితో మాటలాడుట రాజ్యధర్మమే. కాని మాటలాడుట వేరు, శరణన్నవాని చిరునామా నప్పగించుట వేరు. మొదటిది రాజనీతి, రెండవది విశ్వాసఘాతుకము. బలముగల ప్రభుత్వమును గుర్తించుటకు ధైర్యమక్కరలేదు. గుర్తించిన మరునాడు దిక్కులేనివానిని కాపాడుటకే ధైర్యము కావలెను.

మనకు కాబూలు యొక్క ఋణము గూడ నున్నది. 1915 డిసెంబరు 1వ తేదీన రాజా మహేంద్రప్రతాపుడు, మౌల్వీ బర్కతుల్లా మొదలగువారు ఆ నగరమున స్వతంత్ర భారత తాత్కాలిక ప్రభుత్వమును స్థాపించిరి. వారికి గద్దె లేదు, సైన్యము లేదు, ఢిల్లీలో నేలువారి దృష్టిలో వారు ద్రోహులు. ఆనాడు అచ్చట తలదాచుకొన చోటు దొరకెను. ఢిల్లీ భవనముపై ఏ జెండా యెగురవలెనో ప్రభుత్వములు తేల్చుకొనుగాక. ఆ బాలికకు కాగితము నిచ్చుట మాత్రము మన పని. ఈ సభవారు కేంద్ర ప్రభుత్వమునకును, మన పార్లమెంటు సభ్యులకును ఆ మేరకు విజ్ఞాపన పంపవలెనని కోరి విరమించుచున్నాము.