ఆ గేరు ఏ ఫర్నేసులోంచి వచ్చింది?

పట్టాలు అందుకున్న మీకూ, వెనక వరుసల్లో కూర్చుని మీకంటే ఎక్కువ మురిసిపోతున్న మీ అమ్మానాన్నలకూ అభినందనలు.

మీలో కొందరైనా ఫ్యాక్టరీల్లో అడుగుపెడతారు కాబట్టి ఆ సంగతే మాట్లాడతాను. కారు అద్దం మీది ఫాస్టాగ్ మీకు తెలుసు. దానికి బ్యాటరీ ఉండదు. టోల్‌గేటు రీడర్ పంపే రేడియో తరంగాల శక్తినే వాడుకుని తన నంబరు చెబుతుంది. ఫ్యాక్టరీలో ఆర్ఎఫ్ఐడీ ట్యాగు (రేడియో తరంగాలతో వస్తువును గుర్తుపట్టించేది) చేసే పనీ అదే. ఈ సూత్రం మీద హ్యారీ స్టాక్‌మన్ అనే ఇంజినీరు 1948లోనే వ్యాసం రాశారు.

ఒక గేరునే తీసుకోండి. అమ్మిన రెండేళ్లకు ఏదో బండిలో దాని పన్ను విరిగింది. గట్టిపడేందుకు అది ఏ ఫర్నేసులో, ఏ లోడులో (ఒకేసారి కాల్చే గేర్ల గుంపులో) కాలిందో తెలిస్తే ఆ లోడు గేర్లున్న బండ్లనే వెనక్కి పిలుస్తారు. తెలియకపోతే ఆ నెల అమ్మినవన్నీ పిలవాల్సిందే.

అయితే 900 డిగ్రీలు దాటిన వేడిలోకి మామూలు చిప్పు వెళ్లలేదు. అందుకే ట్యాగును గేరుకు కాకుండా, గేర్లు మోసే డబ్బాకు పెడతారు. (ఇనుప డబ్బా అయితే లోహానికి పనికొచ్చే ట్యాగే కావాలి, మామూలుది మూగబోతుంది.) ఫర్నేసు ముందు డబ్బా ఖాళీ చేస్తారు, బయటికొచ్చాక మరో డబ్బా నింపుతారు. జాడ తెగేది అక్కడే. షిఫ్టు చివర సగం నిండిన డబ్బాలో పక్క లోడు గేర్లు నాలుగు పడేస్తే, కంప్యూటర్ తెర మీద అంతా పచ్చగానే కనిపిస్తుంది. రీడర్ తప్పు చదవలేదు మరి!

ట్యాగు ఉన్నంత మాత్రాన జాడ తెలిసినట్టు కాదు. అమెరికా రిటైల్ సంస్థ వాల్‌మార్ట్ 2003లో తన పెద్ద సరఫరాదారులను సరుకుకు ఇలాంటి ట్యాగులు పెట్టమంది. చాలామంది సరుకు లారీ ఎక్కే ముందు స్టిక్కర్ అంటించి చేతులు దులుపుకున్నారు. తయారీలో ఏం జరిగిందో ఆ స్టిక్కర్‌కేం తెలుస్తుంది?

రేపు ఇలా ట్యాగులతో జాడ పట్టే పని మీకు అప్పగిస్తే, సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లతో కూర్చునే ముందు రాత్రి షిఫ్టు ఆపరేటర్ దగ్గరికి వెళ్లండి. సగం మిగిలిన డబ్బాల్ని ఏం చేస్తున్నారని అడగండి. ఆయన ఉన్నదున్నట్టు చెప్పాలంటే, చెప్పినందుకు మెమో రాకూడదు. ఆ మాట మేనేజరు దగ్గర ముందే తీసుకుని వెళ్లండి.