కిడ్నీ రక్తనాళంలో స్టెంట్: ఎవరికి వేయాలి, ఎవరికి వద్దు

(ఎన్టీఆర్ వైద్యసేవ లబ్ధిదారుల అవగాహన సమావేశం, చిత్తూరు. కిడ్నీ వైద్యుని ప్రసంగ పాఠం)

పొద్దున్నే బస్సులెక్కి వచ్చినారు. వెనక ఎండలో నిలబడిన పెద్దవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

గుండెకు స్టెంట్ వేస్తారని ఇప్పుడు అందరికీ తెలుసు. కిడ్నీకి పోయే రక్తనాళంలో కూడా స్టెంట్ వేస్తారని చాలామందికి తెలీదు. తెలిసినవాళ్లు మాత్రం ఓపీకి వచ్చి ఒకటే మాట అంటారు: "సార్, కార్డుంది గదా, ఫ్రీనే గదా, వేసేయండి." నేను ఈరోజు మాట్లాడేది ఆ మాట గురించే. కార్డు ఉండటం వేరు, ఆ స్టెంట్ మీ ఒంటికి పనికిరావడం వేరు.

మీలో మామిడితోటకు డ్రిప్ పెట్టుకున్నవాళ్లు ఉంటారు. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే పైపు లోపల తెల్లగా పేరుకుంటుంది, చివరి చెట్టుకు నీళ్లు అందవు. కిడ్నీ విషయంలోనూ అంతే. గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళంలోంచి కుడి కిడ్నీకి ఒక కొమ్మ, ఎడమ కిడ్నీకి ఒక కొమ్మ పోతాయి. ఒక్కోటి ఐదారు మిల్లీమీటర్ల లావు, అంటే 16 ఎంఎం డ్రిప్ పైపులో సగం కూడా ఉండదు. వయసు మీదపడి, బీడీ సిగరెట్టు, షుగరు, కొలెస్ట్రాల్ తోడైతే లోపల కొవ్వు పేరుకొని ఆ కొమ్మ సన్నబడుతుంది.

అప్పుడు కిడ్నీ ఏం చేస్తుంది? తనకు రక్తం తగ్గిందంటే ఒళ్లంతటికీ తగ్గిందనుకుంటుంది. రెనిన్ అనే రసాన్ని వదులుతుంది. దాంతో రక్తనాళాలు బిగుసుకుంటాయి, ఉప్పూ నీరూ ఒంట్లోనే నిలిచిపోతాయి, బీపీ పెరుగుతుంది. చివరి చెట్టుకు నీళ్లు రాలేదని మోటరు ప్రెషరు పెంచుతూ పోయినట్టు. ఆ చెట్టుకు నీళ్లు రాకపోగా మిగతాచోట్ల జాయింట్లు ఊడిపోతాయి. మన ఒంట్లో ఆ జాయింట్లు మెదడులో, గుండెలో, కంట్లో ఉంటాయి. 1934లోనే గోల్డ్‌బ్లాట్ అనే అమెరికా డాక్టరు కుక్కల కిడ్నీ రక్తనాళానికి క్లిప్పు బిగించి బీపీ పెరగడం చూపించినాడు.

ఇంకో రకం ఉంది, మన దేశంలో దీన్ని మర్చిపోకూడదు. ఇరవై, ఇరవై ఐదేళ్ల ఆడపిల్లకు బీపీ 190 ఉందంటే ఇంట్లో ఏమంటారు? "టెన్షన్ పడుతోంది, పెళ్లి చేస్తే సరిపోతుంది" అంటారు. అది టెన్షన్ కాకపోవచ్చు. టకయాసు జబ్బు అని, రక్తనాళాల గోడలు వాచి సన్నబడే జబ్బు ఒకటుంది. 1908లో జపాన్ కంటి డాక్టరు ఒకాయన మొదట చెప్పినాడు, ఆయన పేరే పెట్టినారు. మన దేశంలో చిన్నవయసు వాళ్లకు కిడ్నీ రక్తనాళం సన్నబడటానికి ముఖ్యమైన కారణం ఇదే. ఒక చేతిలో నాడి సరిగా అందదు, రెండు చేతుల్లో బీపీ వేరువేరుగా ఉంటుంది. ముందు వాపు తగ్గడానికి మందులు ఇవ్వాలి, వాపు చల్లారినాక బెలూన్‌తో తెరిస్తే చాలామందికి బీపీ బాగా దిగుతుంది. ఇట్లాంటి పిల్లను ఆలస్యం చేయకుండా తీసుకురండి.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. పెద్దవయసులో కొవ్వు పేరుకొని సన్నబడినవాళ్ల సంగతి. నాళం సన్నగా ఉందంటే తెరిస్తే బాగవుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. డాక్టర్లమైన మాకూ చాలా ఏళ్లు అట్లాగే అనిపించింది. తర్వాత పరీక్షించి చూసినారు. 2009లో వచ్చిన ఆస్ట్రల్ అనే పరిశోధనలో 806 మంది, 2014లో అచ్చయిన కోరల్ అనే దాంట్లో 947 మంది. కోరల్‌లో సగం మందికి స్టెంటూ మందులూ, సగం మందికి మందులు మాత్రమే ఇచ్చి మూడున్నరేళ్లకు పైగా చూసినారు. గుండెపోటు, పక్షవాతం, కిడ్నీ దెబ్బతినడం, ఇట్లాంటివి స్టెంట్ వేసినవాళ్లలో నూటికి 35 మందికి, వేయనివాళ్లలో 36 మందికి వచ్చినాయి. తేడా లేనట్టే లెక్క. బీపీ కూడా రెండు పాయింట్లే ఎక్కువ తగ్గింది. ఆస్ట్రల్‌లోనైతే స్టెంట్ వేసేటప్పుడు కొందరికి పెద్ద ఇబ్బందులే వచ్చినాయి.

అంటే స్టెంట్ దండగ అని కాదు. అందరికీ వద్దు, కొందరికి తప్పకుండా కావాలి. మూడు నాలుగు రకాల బీపీ మాత్రలు సక్రమంగా మింగుతున్నా బీపీ దిగనివాళ్లు ఉంటారు. ఛాతీలో నీరు చేరి అర్ధరాత్రి ఊపిరాడక పదేపదే ఆసుపత్రికి పరుగెత్తేవాళ్లు ఉంటారు. రెండు వైపులా సన్నబడి, లేదా ఉన్న ఒక్క కిడ్నీకి సన్నబడి, క్రియాటినిన్ నెలనెలా పెరిగేవాళ్లు ఉంటారు. ఆ పరిశోధనల్లో ఇట్లాంటివాళ్లు తక్కువ. వీళ్లకు స్టెంట్ ప్రాణం నిలబెట్టొచ్చు. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి మాత్ర మొదలుపెట్టిన వారం రెండు వారాల్లో క్రియాటినిన్ ఒక్కసారిగా పెరిగినా మాకు అనుమానం వస్తుంది. అట్లాగని విన్నవెంటనే ఇంటికి పోయి ఆ మాత్ర మానేయొద్దు. రక్తపరీక్ష చేయించుకొని, రాసిన డాక్టరునే అడగండి. గర్భం వచ్చిన, రావాలనుకున్న ఆడవాళ్లు మాత్రం ఈ రెండు మాత్రల గురించి ఆ రోజే చెప్పాలి. బిడ్డకు మంచివి కావు.

(సభలోంచి ఒక పెద్దాయన: "సార్, నాకు వారానికి రెండుసార్లు డయాలసిస్ చేస్తా ఉండారు. స్టెంట్ వేస్తే అది తప్పుతుందా?")

పెద్దాయనా, కాగితాలు చూడకుండా మీ గురించి చెప్పలేను, దగ్గరికి రండి చూస్తాను. అందరికీ కలిపి ఒక మాట చెప్తాను. చెట్టుకు నీళ్లందక వాడిపోయి ఉంటే పైపు బాగుచేస్తే చిగురేస్తుంది. ఎండి మోడైపోయినాక ఎంత నీళ్లు పారించినా లాభం లేదు. షుగరుతోనో ఏళ్ల తరబడి బీపీతోనో కిడ్నీ కుంచించుకుపోయి ఉంటే స్టెంట్ వేసినా అది తిరిగి రాదు. అందుకే స్కానింగ్‌లో కిడ్నీ సైజు చూస్తాం, మూత్రంలో ప్రొటీన్ చూస్తాం. ఎవరైనా "స్టెంట్ వేస్తే డయాలసిస్ ఆగిపోతుంది" అని గట్టిగా హామీ ఇస్తే ఆ మాట నమ్మి అప్పు చేయొద్దు, పొలం తాకట్టు పెట్టొద్దు.

స్టెంట్ వేయాల్సివస్తే ఎట్లా వేస్తారు? తొడ దగ్గరో మణికట్టు దగ్గరో మత్తు సూది ఇచ్చి సన్న గొట్టం పంపిస్తారు. మనిషి మెలకువగానే ఉంటాడు. రంగుమందు ఎక్కించి, సన్నబడిన చోట బెలూన్ ఊదించి, జాలీ గొట్టం లాంటి స్టెంట్ కూర్చోబెడతారు. తర్వాత కొన్ని గంటలు కాలు కదపకుండా పడుకోవాలి. ఆ రంగుమందు కిడ్నీకి కొంచెం భారం. షుగరుకు మెట్‌ఫార్మిన్ మింగుతుంటే, మోకాళ్ల నొప్పి మాత్రలు మింగుతుంటే, పసరు మందులు తాగుతుంటే ముందే చెప్పేయండి. తిట్టేవాళ్లు ఎవరూ లేరు.

ఇక పథకం. కిడ్నీ రక్తనాళం యాంజియోప్లాస్టీ మన వైద్యసేవ జాబితాలో ఉంది. పథకంలో చేరిన ఏ ఆసుపత్రికి పోయినా వైద్యమిత్ర బల్ల ఉంటుంది, మనం ఆరోగ్యమిత్ర అనేవాళ్లమే. కార్డు, ఆధార్ అక్కడ చూపించండి. డాప్లర్, సీటీ యాంజియో, రక్తపరీక్షల కాగితాలు ఆసుపత్రి వాళ్లు ట్రస్టుకు ఆన్‌లైన్‌లో పంపుతారు. అక్కడి డాక్టర్లు చూసి అనుమతి ఇస్తారు. అనుమతి రాలేదంటే మీ మీద కోపం కాదు. కారణం ఏమని అడిగి కాగితం మీద రాయించుకోండి. అనుమతి వచ్చినాక స్టెంటుకు, రంగుమందుకు, మందులకు, భోజనానికి మీరు రూపాయి కట్టే పని లేదు. "మంచి స్టెంట్ కావాలంటే పైన కట్టండి" అని ఎవరన్నా అంటే అక్కడే వైద్యమిత్రకు చెప్పండి, లేదా 104కు ఫోన్ చేయండి. తిరుపతి స్విమ్స్‌లో కిడ్నీ విభాగం, గుండె విభాగం రెండూ ఉన్నాయి. మనవాళ్లకు వేలూరు, చెన్నై అలవాటు గదా. అక్కడికి పోయేముందు ఆ ఆసుపత్రి, మీ వైద్యం రెండూ పథకంలో ఉన్నాయో లేదో 104లోనే కనుక్కోండి. బస్సెక్కినాక కనుక్కుంటే లాభం లేదు.

స్టెంట్ వేసినాక ఇంటికి పోయి మాత్రలు ఆపేసేవాళ్లే నాకు ఎక్కువ భయం. ఆస్పిరిన్, దాంతోపాటు ఇచ్చిన రెండో మాత్ర డాక్టరు చెప్పినన్ని రోజులు మింగాలి, లేకపోతే స్టెంట్‌లో రక్తం గడ్డకడుతుంది. బీపీ మాత్రలు తగ్గొచ్చు, పూర్తిగా మానడం కొద్దిమందికే. కొందరికి స్టెంట్ లోపల మళ్లీ సన్నబడుతుంది కాబట్టి డాప్లర్ చేయించుకోమన్న తేదీకి రావాలి. డిశ్చార్జి కాగితం మీద స్టెంట్ స్టిక్కరు అంటించి ఉంటుంది, దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. సంగటిలోకి ఊరగాయ, మజ్జిగ మిరపకాయ తగ్గించండి. మానమంటే మానరని తెలుసు, తగ్గించమనే అంటున్నాను. బీడీ మాత్రం మానాల్సిందే.

బయట బల్ల దగ్గర సిస్టరమ్మ బీపీ చూస్తున్నారు. రెండు చేతులకూ చూడమని అడగండి. ఆ పెద్దాయన ఎక్కడ, కాగితాలు తీసుకొని రండి.