తెర మీది సున్నాను నమ్మవద్దు
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. ఇంటర్ చదివి 1989లో ఇ.ఎం.ఇ.లో చేరాను. సికింద్రాబాద్‌లో ట్రేడ్ నేర్చుకుని, 28 ఏళ్ళు వర్క్‌షాపుల్లో రేడియో సెట్లు బాగుచేసి, 2017లో సుబేదారుగా ఇంటికొచ్చాను. తర్వాత పుణె దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా కుదిరాను.

మా ల్యాబ్‌లో అరవై మంది పిల్లలకు ఆసిలోస్కోపులు ఆరే. ఒక్కోదాని చుట్టూ పదిమంది. ఇద్దరు నాబ్‌లు తిప్పుతారు, మిగతా ఎనిమిది మంది రీడింగులు చూసి రాసుకుంటారు. 2020లో కరోనా వచ్చి ఆ ఇద్దరికీ కూడా అందకుండా పోయింది.

కేంద్ర ప్రభుత్వం 2009లో మొదలుపెట్టిన వర్చువల్ ల్యాబ్స్ ఉన్నాయి. ఢిల్లీ ఐఐటీ ముందుండి నడిపించింది, మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా అందులో భాగస్వామి. పిల్లలకు వాటిని చూపించాం. కానీ మా బల్లల మీద ఉండే పరికరాలే కంప్యూటర్‌లో ఉంటే బాగుంటుందని నలుగురు ఫైనలియర్ పిల్లలు, ఒక లెక్చరర్, నేను పూనుకున్నాం. కోడు రాసింది పిల్లలు. ఏ నాబ్ తిప్పితే గీత ఎలా కదులుతుందో చెప్పింది నేను. మూడు నెలల్లో తయారైంది. అందరూ మెచ్చుకున్నారు, నాకూ కాస్త గర్వం వచ్చింది.

2021లో కాలేజీ తెరిచారు. థర్డ్ ఇయర్ కుర్రాడొకడు, మా సాఫ్ట్‌వేర్‌లో అన్ని ప్రయోగాలూ తప్పులేకుండా చేసినవాడు, పవర్ సప్లయ్ సర్క్యూట్ దగ్గర స్విచ్ ఆపాడు, వెంటనే చెయ్యి పెట్టాడు. షాక్ కొట్టి వెనక్కి పడ్డాడు. వేలు కాలింది. దేవుడి దయవల్ల అంతటితో పోయింది. "స్విచ్ ఆపాను కదా సార్, తెర మీద సున్నా వచ్చేది కదా" అన్నాడు.

సోదరులారా, ఆ సున్నా నేను పెట్టించిందే. కోడు రాసే అమ్మాయి అడిగింది: "సార్, స్విచ్ ఆపితే ఏం చూపించాలి?" సున్నా చూపించమ్మా, చాలు అన్నాను. 230 వోల్టుల మెయిన్స్‌ని రెక్టిఫై చేస్తే కెపాసిటర్ మీద దాదాపు 325 వోల్టులు నిలుస్తాయి. ఆ సర్క్యూట్‌లో కెపాసిటర్ 470 మైక్రోఫారడ్‌లు, బ్లీడర్ రెసిస్టర్ 100 కిలో ఓమ్‌లు. లెక్క కడితే 47 సెకన్ల తర్వాత కూడా 120 వోల్టులు మిగిలే ఉంటాయి. పూర్తిగా దిగడానికి నాలుగు నిమిషాలు. కుర్రాడు పది సెకన్లు కూడా ఆగలేదు.

ఫౌజ్‌లో మా ఉస్తాద్ మొదటి రోజే నేర్పాడు: ముందు డిశ్చార్జ్ చెయ్యి, మీటర్ పెట్టి చూడు, తర్వాతే చెయ్యి పెట్టు. ఏళ్ళ తరబడి చేసీ చేసీ అది నాకు ఊపిరి పీల్చినట్టు అయిపోయింది. అందుకే చెప్పాలని తోచలేదు.

ఆ వారమే సాఫ్ట్‌వేర్ మార్చాం. ఇప్పుడు స్విచ్ ఆపితే వోల్టేజి మెల్లగా దిగుతుంది. మీటర్ పెట్టకుండా ముట్టుకుంటే ప్రయోగం అక్కడే ఫెయిల్. లోపాలు కూడా చేర్చాం: పోయిన ఫ్యూజు, ఊడిన ఎర్త్ వైరు, పదింతల సెట్టింగ్‌లో మరిచిపోయిన ప్రోబ్. తెర మీద పాసైనా సరే, అసలు పరికరం ముందు ఇద్దరిద్దరుగా నిలబడి చేసి చూపించాకే సంతకం పెడతాను.

టెక్నికల్ ట్రేడ్‌లలో రిటైరైన వారికి ఒక మనవి. మనకు కోడు రాయడం రాకపోవచ్చు. పరికరం ఎక్కడ మోసం చేస్తుందో మనకు తెలుసు. దగ్గర్లోని కాలేజీకి వెళ్ళి ఆ మాట చెప్పండి. ఆ కుర్రాడు ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు. వేలి మీద మచ్చ ఉంది. ఫోన్ చేసినప్పుడల్లా "మీటర్ పెట్టే ముట్టుకుంటున్నాను సార్" అంటాడు. నాకు అది చాలు.

జైహింద్.