మందుకు లొంగని క్రిములు - మన ఆకుకూరలు



పొదుపు గురించి, బ్యాంకు లింకేజీ గురించి పొద్దున్నుంచి మాట్లాడుకున్నాం. నేను ఆకుకూర గురించి మాట్లాడతాను. మనలో పండించేవాళ్ళున్నారు, గంపలో పెట్టుకుని అమ్మేవాళ్ళున్నారు. వండేది, తినేది అందరమూ.

తుంగభద్ర కాలువ నీళ్ళు ఏడాది పొడుగునా రావు. ఎండాకాలంలో ఊరి చివర మళ్ళకు చాలాసార్లు దొరికేది మురుగుకాలువ నీళ్ళే. వాటితోనే కొత్తిమీర, మెంతాకు, పాలకూర పెంచుతారు. వాళ్ళను తప్పు పట్టడానికి నేను లేచి నిలబడలేదు. ఆ మడి మీదే వాళ్ళ ఇల్లు నడవాల. అయితే ఆ నీళ్ళలో ఏముందో మనకు తెలియాల.

మనం మింగిన యాంటీబయాటిక్ మందులో కొంత భాగం మూత్రంలో అట్లే బయటికొస్తుంది. మరుగుదొడ్ల నీళ్ళు, ఆస్పత్రుల నీళ్ళు కాలువలో కలుస్తాయి. అక్కడ కొంచెం కొంచెం మందు తగిలితే క్రిములన్నీ చావవు. తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి. ఆ తట్టుకునే గుణాన్ని పక్క క్రిములకు కూడా అందిస్తాయి. ఆ నీళ్ళు ఆకు మీద పడితే, కట్టతో పాటు అవీ మన ఇంటికొస్తాయి.

హైదరాబాదు దగ్గర పటాన్‌చెరు సంగతి చూడండి. అక్కడ మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసి వదిలిన నీళ్ళను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు చెప్పారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మాత్ర వాడే రోగి రక్తంలో కూడా అంత ఉండదు. మూసీ మురుగునీళ్ళతో ఆకుకూరలు, పశువుల గడ్డి ఎన్నో ఏళ్ళ నుంచి పండిస్తున్నారు. మన దగ్గర అన్ని మందుల ఫ్యాక్టరీలు లేవు. కానీ మురుగుకాలువలున్నాయి, ప్రతి ఇంట్లో మాత్రలున్నాయి.

దీనివల్ల మనకేం నష్టం? మనలో చాలామందికి మూత్రంలో మంట వస్తుంది. ఎక్కువసార్లు దానికి కారణం ఈ.కోలై అనే పేగుల్లోని క్రిమి. అది మందుకు లొంగనిదైతే మామూలు మాత్రలతో తగ్గదు. సూదులు, ఆస్పత్రిలో పడక, పోయిన కూలి. పురుడు పోసుకున్నామెకు, పసిబిడ్డకు సోకితే ప్రాణం మీదికొస్తుంది. చివరికి ఆ ఖర్చు మన సంఘం అప్పుల పుస్తకంలోకే వస్తుంది.

మరి ఏం చెయ్యాల? పండించే అక్కలు మురుగునీళ్ళను ఆకుల మీద చల్లకుండా సాళ్ళలో పారించాల. కోతకు ముందు కొన్ని రోజులు ఆ నీళ్ళు ఆపితే ఎండకు చాలా క్రిములు చస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన సూచనల్లో కూడా ఈ మాట ఉంది. కోళ్ళ ఎరువు పచ్చిది వెయ్యకుండా బాగా మాగబెట్టాల. కోసిన కట్టలను కాలువలో ముంచి కడగొద్దు.

ఇంట్లో ఆకుకూరను మంచినీళ్ళతో రెండు మూడుసార్లు కడగాల, బాగా ఉడికించాల. మందుకు లొంగని క్రిమి కూడా మంటకు చస్తుంది. భయం పచ్చిగా తినేవాటితోనే. ఉగ్గాని దించినాక పైన చల్లే కొత్తిమీరను పొయ్యి మీద ఉన్నప్పుడే వేసి కలపండి.

ఇంకొకటి. జలుబుకు, మామూలు దగ్గుకు యాంటీబయాటిక్ పనిచెయ్యదు. మాత్రల అట్ట మీద ఎర్రగీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా కొనొద్దని 2016 నుంచి కేంద్ర ప్రభుత్వం చెబుతోంది. డాక్టరు ఎన్ని రోజులు చెబితే అన్ని రోజులు వాడండి. మిగిలిన మాత్రలు పక్కింటికి ఇవ్వొద్దు, కాలువలో పారెయ్యొద్దు.

చివరిగా ఒక తీర్మానం అడుగుతున్నాను. ఆకుకూర అమ్మే ఆడవాళ్ళు కట్టలు కడుక్కోవడానికి, తడుపుకోవడానికి ఆదోని, ఎమ్మిగనూరు మార్కెట్లలో మంచినీళ్ళ కొళాయి పెట్టించమని మన సమాఖ్య తరఫున మున్సిపాలిటీలకు అర్జీ ఇద్దాం. కడుక్కునేందుకు నీళ్ళు చూపించకుండా కడగమని చెప్పడం న్యాయం కాదు. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి. సంతకాల కాగితం నా దగ్గరుంది. పొయ్యేలోపల అందరూ పెట్టి పోండి.